ఇంగ్లీషు లింకు నొక్కితే తెలుగు పేజీ: ఒక అనువాద సమీక్ష బృందం కేసు

నేపథ్యం

సైట్ ఒక బీమా సేవల సంస్థది. ఇంగ్లీషుతో పాటు తెలుగు, హిందీ, తమిళం, కన్నడం, మరాఠీ భాషల్లో నడుస్తోంది. చిరునామాలో డొమైన్ తర్వాత వచ్చే రెండక్షరాలు పేజీ భాషను చెబుతాయి: ఇంగ్లీషుకి ఈఎన్, తెలుగుకి టీఈ, కన్నడానికి కేఎన్. తెలుగు పేజీలను ఇంగ్లీషు మూలంతో వాక్యం వాక్యం సరిపోల్చి తప్పులు పట్టే పని బయటి బృందానికి, అంటే మాకు, ఇచ్చారు. ఆరుగురు, అందరూ ఇంటి నుంచే పని. ముగ్గురు హైదరాబాద్‌లో, ఒకరు విజయవాడలో, ఒకరు బెంగళూరులో, ఒకరు దుబాయ్‌లో. సంస్థనూ మనుషులనూ గుర్తుపట్టే వివరాలు తీసేశాం.

పని తీరు మామూలుదే. ఎడమ కిటికీలో ఇంగ్లీషు పేజీ, కుడి కిటికీలో తెలుగు పేజీ. తేడా కనబడితే స్క్రీన్‌షాట్ తీసి, లింకు జతచేసి టికెట్ (తప్పు సరిదిద్దమని సంస్థకు పంపే నమోదు) పెట్టాలి. అంటే ఒకే మనిషికి ఒకే సమయంలో రెండు భాషలూ కావాలి. ఈ ముక్క ముందే పట్టుకుని ఉంటే, కింద చెప్పబోయే ప్రయత్నాల్లో సగం చేసేవాళ్ళమే కాదు.

సమస్య ఎలా వచ్చింది

మొదటి ఫిర్యాదు: ఇంగ్లీషు లింకు నొక్కినా తెలుగు పేజీయే తెరుచుకుంటోంది. తర్వాత ఒక్కొక్కరూ ఒక్కో మాట చెప్పారు. బెంగళూరు సమీక్షకురాలికి హోమ్ పేజీ కన్నడంలో వస్తోంది, ఆమెకేమో కన్నడం చదవడం రాదు. దుబాయ్ ఆయనకు హోమ్ పేజీ ఇంగ్లీషులోనే వస్తుంది కానీ లోపలి పేజీలు తెలుగులోకి పోతున్నాయి. హైదరాబాద్‌లో ఒకరికి పొద్దున ఇంగ్లీషులో తెరుచుకున్న లింకే మధ్యాహ్నం కన్నడంలో తెరుచుకుంది.

అసలు చిక్కు టికెట్ల దగ్గర వచ్చింది. సమీక్షకులు పెట్టిన లింకును సైట్ డెవలపర్లు నొక్కితే వాళ్ళకు వేరే పేజీ కనబడేది. "మా దగ్గర బాగానే వస్తోందండీ" అని రాసి టికెట్ మూసేసేవాళ్ళు. ఒక టికెట్ అయితే మాటల దాకా పోయింది. ప్రీమియం కట్టే గడువు పేజీలో 'గ్రేస్ పీరియడ్' అన్నదాన్ని 'దయా కాలం' అని అనువదించారని సమీక్షకురాలు రాశారు. ఆ మాట మా సైట్‌లో ఎక్కడా లేదు, మేము రాసింది 'అదనపు గడువు' అని సంస్థ వాళ్ళు గట్టిగా అన్నారు. ఆమె పంపిన స్క్రీన్‌షాట్‌లో మాత్రం 'దయా కాలం' స్పష్టంగా ఉంది. ఇద్దరూ చెప్పింది నిజమే. ఎలాగో తర్వాత చెబుతాం.

వరుసగా చేసిన ప్రయత్నాలు, అవి విఫలమైన తీరు

మొదట అందరికీ తట్టేదే మాకూ తట్టింది: బ్రౌజర్‌లో భాషల వరుస మార్చడం. ఏ పేజీ అడిగినా బ్రౌజర్ దానితో పాటు యాక్సెప్ట్-ల్యాంగ్వేజ్ అనే హెడర్ (పేజీతో పాటు వెళ్ళే, వచ్చే చిన్న సమాచార పంక్తి) పంపుతుంది. క్రోమ్‌లో తెలుగు పైన, ఇంగ్లీషు కింద ఉంటే అందులో 'టీఈ-ఐఎన్, టీఈ; క్యూ=0.9, ఈఎన్; క్యూ=0.8' లాంటి వరుస వెళుతుంది. క్యూ అంటే ఎంత ఇష్టమో చెప్పే అంకె. అంకె రాయని మొదటి భాష విలువ 1, అంటే అన్నిటికన్నా ముందు. ఈ వరుసను మార్చేది క్రోమ్ సెట్టింగ్స్‌లో ల్యాంగ్వేజెస్ కింద ఉన్న ప్రిఫర్డ్ ల్యాంగ్వేజెస్ జాబితాలో. ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లోనూ భాషల దగ్గర, వెబ్ పేజీలను ఏ భాషల్లో చూపాలో ఎంచుకునే జాబితా ఉంటుంది. మ్యాక్‌లోనూ ఐఫోన్‌లోనూ సఫారీకి వేరే జాబితా లేదు. పరికరంలో పెట్టిన భాషే వెళ్తుంది. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఒక తికమక ఉంది. ల్యాంగ్వేజెస్ పేజీలో పైన కనబడేది క్రోమ్ మెనూల భాష. సైట్లకు వెళ్ళేది దాని కింది జాబితా. పైది ఇంగ్లీషుకి మార్చి "అయినా పోలేదు" అనేవాళ్ళు చాలామంది.

ఇంగ్లీషును పైకి తెచ్చాక ఆరుగురిలో ఇద్దరికి ఇంగ్లీషు పేజీ తెరుచుకుంది. నలుగురికి మార్పు లేదు. బాగుపడిన ఇద్దరికీ సాయంత్రానికి కొత్త బాధ మొదలైంది. ఇప్పుడు తెలుగు లింకు నొక్కితే ఇంగ్లీషు పేజీ వస్తోంది! అంటే చిరునామాలో భాష స్పష్టంగా రాసి ఉన్నా సైట్ దాన్ని పట్టించుకోవడం లేదు. అప్పటికి మేము దీన్ని చిన్న చిరాకుగా రాసుకుని వదిలేశాం. ఈ కేసులో అన్నిటికన్నా పెద్ద ఆధారం అదే.

రెండోది, కుకీలు (సైట్ మన బ్రౌజర్‌లో దాచుకునే చిన్న గుర్తులు) తుడవడం. మార్పు లేని నలుగురిలో ముగ్గురు ఎప్పుడో ఒకసారి సైట్‌లోని భాషల మెనూ నుంచి తెలుగు ఎంచుకున్నారు. సైట్ ఆ ఎంపికను కుకీలో ఏడాది పాటు దాచుకుంటుంది, హెడర్ కన్నా దానికే ఎక్కువ విలువ ఇస్తుంది. కుకీ తీసేశాక ఇద్దరికి ఇంగ్లీషు వచ్చింది. విజయవాడ ఆయనకు రాలేదు. కుకీ లేదు, హెడర్‌లో ఇంగ్లీషే ముందుంది, అయినా తెలుగే. ఆయన కేసులో దోషి ఆయన కంప్యూటర్ డిస్కులో ఉంది: సైట్ పంపిన మళ్ళింపు 301 రకానిది. 301 అంటే "శాశ్వతంగా ఇల్లు మారాం" అని చెప్పడం. దానితో పాటు ఎన్నాళ్ళు గుర్తుంచుకోవాలో చెప్పకపోతే బ్రౌజర్ దాన్ని దాచుకుని, తర్వాత అదే లింకు నొక్కినప్పుడు సర్వర్‌ని అడగను కూడా అడగకుండా పాత దారినే పోతుంది. కుకీలు మాత్రమే తుడిస్తే ఈ జ్ఞాపకం పోదు. క్యాషే (బ్రౌజర్ తన దగ్గర దాచుకున్న కాపీలు) కూడా తుడవాలి, లేదా ఎఫ్12తో డెవలపర్ టూల్స్ తెరిచి 'డిజేబుల్ క్యాషే' టిక్ పెట్టి లింకు మళ్ళీ తెరవాలి.

ఇన్‌కాగ్నిటో కిటికీ వాడమని ఒకరు సలహా ఇచ్చారు. అది కుకీలనూ పాత క్యాషేనూ పక్కన పెడుతుంది, ఆ మేరకు పనిచేసింది. కానీ భాషల వరుసలో ముందున్న భాష అందులోనూ అలాగే వెళుతుంది, ఐపీ అడ్రసూ (నెట్‌లో మన కనెక్షన్‌ను గుర్తించే సంఖ్య) మారదు. పైగా కిటికీ మూసినప్పుడల్లా లాగిన్ పోయి మళ్ళీ ఓటీపీ. రోజుకి పాతిక పేజీలు చూసే మనిషికి అది కుదరని పని.

మూడోది వీపీఎన్, అంటే వేరే చోటి సర్వర్ మీదుగా నెట్‌లోకి వెళ్ళడం. బెంగళూరు ఆమెకు కన్నడం రావడం ఐపీ అడ్రసు వల్లే అన్న అనుమానం సరైనదే. మందు మాత్రం తప్పు. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల తర్వాత పేరున్న వీపీఎన్ సంస్థలు కొన్ని భారత్‌లోని తమ సర్వర్లను తీసేశాయి. ఇండియా అని చూపించే చాలా కనెక్షన్లు నిజానికి సింగపూర్ నుంచో మరోచోటి నుంచో వస్తాయి. ఆమె ఇండియా ఎంచుకుంటే సైట్‌కి మహారాష్ట్రలా కనబడి హోమ్ పేజీ మరాఠీలో తెరుచుకుంది. విదేశం ఎంచుకుంటే ఇంగ్లీషు వచ్చింది కానీ లాగిన్ దగ్గర క్యాప్చా మీద క్యాప్చా. ఒక్క రోజులోనే మానేశాం.

దీనికి చిన్న పిట్టకథ లాంటిది: క్రోమ్ డెవలపర్ టూల్స్‌లో సెన్సర్స్ అనే ప్యానెల్ ఉంది, అందులో లొకేషన్ జాబితాలో ముంబై కూడా ఉంటుంది. అది పెడితే సైట్‌కి మనం ముంబైలో ఉన్నట్టు కనబడుతుందని అనుకుంటారు. అది మార్చేది పేజీ అనుమతి అడిగి తీసుకునే జీపీఎస్ లాంటి స్థానాన్ని మాత్రమే. సర్వర్‌కి కనబడే ఐపీ అలాగే ఉంటుంది.

నాలుగోది, చిరునామా తిరగరాసే ఎక్స్‌టెన్షన్. డొమైన్ తర్వాత టీఈ కనబడితే ఈఎన్‌గా మార్చమని ఒక నియమం రాసిపెట్టాం. ఎక్స్‌టెన్షన్ ఇంగ్లీషుకి నెడుతుంది, సైట్ తెలుగుకి నెడుతుంది, మళ్ళీ ఎక్స్‌టెన్షన్. 20 మళ్ళింపుల తర్వాత బ్రౌజర్ చేతులెత్తేసి 'టూ మెనీ రీడైరెక్ట్స్' అంటుంది. సర్వర్ కూడా మనతో పోటీపడి తిప్పుతున్నప్పుడు చిరునామా తిరగరాయడం వల్ల ఫలితం ఉండదు. చిరునామాలో ఉన్న భాషకు కట్టుబడే సైట్లలో మాత్రం ఇది చక్కగా పనిచేస్తుంది. గూగుల్ సహాయ పేజీలు అలాంటివే: చిరునామా చివర హెచ్ఎల్ అనే పరామితికి ఈఎన్ అని ఇస్తే ఇంగ్లీషు, టీఈ అని ఇస్తే తెలుగు. అక్కడ ఇంకేమీ ముట్టుకోనక్కర్లేదు.

ఆగి, కొలిచి చూడడం

నాలుగు ప్రయత్నాల తర్వాత సెట్టింగులు మార్చడం ఆపేశాం. ప్రతి మార్పూ ఒకరిద్దరికి పనిచేస్తూ మిగతావాళ్ళకు పనిచేయడం లేదంటే జబ్బు ఒకటి కాదు. పేజీ భాషను నిర్ణయించే చోట్లు ఆరు ఉండొచ్చు: చిరునామా, కుకీ లేదా ఖాతాలోని ఎంపిక, బ్రౌజర్ లోకల్ స్టోరేజ్‌లో పేజీ స్క్రిప్టు దాచుకున్న విలువ, భాషల హెడర్, ఐపీ అడ్రసు, చివరగా బ్రౌజర్ స్వయంగా చేసే అనువాదం. వీటిలో ఎవరు తిప్పుతున్నారో తెలియకుండా మందు వేయడం వల్లే ఇంత తిరిగాం.

కనుక్కునే పద్ధతి ఇది. లింకును నేరుగా నొక్కకుండా కాపీ చేసుకోవాలి. కొత్త ట్యాబ్‌లో ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ప్యానెల్ తెరిచి, 'ప్రిజర్వ్ లాగ్' టిక్ పెట్టాలి. అది పెట్టకపోతే పేజీ మారగానే పాత వరుసలు చెరిగిపోతాయి, మనకు కావాల్సింది ఆ మొదటి వరుసే. అప్పుడు లింకు అతికించి ఎంటర్ కొట్టి, మొదటి వరుసలో స్టేటస్ చూడాలి.

301, 302, 307, 308లో ఏదైనా ఉంటే తిప్పింది సర్వరో దాని ముందున్న సీడీఎనో (పేజీల కాపీలు దాచి దగ్గర్లోంచి అందించే సర్వర్ల వ్యవస్థ). పక్కన 'ఫ్రమ్ డిస్క్ క్యాషే' అని ఉంటే తిప్పింది మన కంప్యూటర్ జ్ఞాపకమే. విజయవాడ కేసు అక్కడే తేలింది. 307 పక్కన 'ఇంటర్నల్ రీడైరెక్ట్' అని ఉంటే మాత్రం కంగారు పడనక్కర్లేదు. అది చాలావరకు హెచ్‌టీటీపీని హెచ్‌టీటీపీఎస్‌గా మార్చేదే, భాషతో సంబంధం లేదు. స్టేటస్ 200 (అడిగిన పేజీ దొరికింది అని) వచ్చి, ఆ తర్వాత ఇంకో పేజీ మొదలైతే తిప్పింది పేజీలోని స్క్రిప్టు. ఇనీషియేటర్ నిలువు వరుసలో ఆ ఫైలు పేరు కనబడుతుంది. స్టేటస్ 200, చిరునామా కూడా ఈఎన్‌గానే ఉండి, కళ్ళ ముందు మాత్రం తెలుగు ఉంటే అది మళ్ళింపే కాదు.

'దయా కాలం' అలా దొరికింది. ఆ సమీక్షకురాలు అంతకుముందు తెలుగు పేజీలే రావాలని క్రోమ్ జాబితాలోంచి ఇంగ్లీషును పూర్తిగా తీసేశారు. క్రోమ్ "ఈ పేజీ ఇంగ్లీషులో ఉంది, అనువదించనా" అని అడిగితే ఒకసారి 'ఎల్లప్పుడూ అనువదించు' నొక్కారు. అప్పటి నుంచీ ఇంగ్లీషు పేజీ ఏది తెరిచినా క్రోమ్ దాన్ని తెలుగు చేసి చూపిస్తోంది. ఎలిమెంట్స్ ప్యానెల్ తెరిస్తే పేజీ మొట్టమొదటి ట్యాగ్‌కి 'ట్రాన్స్‌లేటెడ్-ఎల్‌టీఆర్' అనే క్లాస్ తగిలించి ఉంది, ప్రతి వాక్యం చుట్టూ ఫాంట్ ట్యాగులు ఉన్నాయి. క్రోమ్ అనువాదం వదిలే గుర్తులివి. ఆమె తప్పు పట్టింది సైట్ తెలుగును కాదు, క్రోమ్ తెలుగును. ఆమె టికెట్లన్నీ మళ్ళీ మొదటి నుంచి చూడాల్సి వచ్చింది.

తర్వాత కర్ల్‌తో పరీక్ష. కర్ల్ అంటే కమాండ్ లైన్ నుంచి పేజీని అడిగే పనిముట్టు. మనం చెప్పకపోతే అది భాషల హెడర్ పంపదు. ఇక్కడే డెవలపర్ల "మా దగ్గర బాగానే వస్తోంది" రహస్యం విడిపోయింది. వాళ్ళు హెడర్ లేకుండా కర్ల్‌తో ఇంగ్లీషు లింకును పరీక్షిస్తున్నారు, హెడర్ లేకపోతే సైట్ ఇంగ్లీషే ఇస్తుంది. మేము నాలుగు రకాల హెడర్‌తో (ఏమీ లేకుండా, తెలుగు, ఇంగ్లీషు, కన్నడం), రెండు లింకుల మీద, భాష కుకీ ఉండీ లేకుండానూ, మొత్తం 16 అభ్యర్థనలు పంపి వచ్చిన స్టేటస్, లొకేషన్ రెండూ ఒక షీట్‌లో రాశాం. ఒక జాగ్రత్త: హెడర్లు మాత్రమే అడిగే క్యాపిటల్ ఐ ఆప్షన్ వాడలేదు. అది హెడ్ అభ్యర్థన పంపుతుంది, కొన్ని సర్వర్లు దానికి మామూలు గెట్ అభ్యర్థనకు ఇచ్చే జవాబు ఇవ్వవు. గెట్ పంపి, వచ్చిన హెడర్లను క్యాపిటల్ డి ఆప్షన్‌తో విడిగా రాయించాం.

షీట్ నిండాక బొమ్మ కట్టింది. హోమ్ పేజీలో మాత్రం సీడీఎన్ నియమం ఐపీ చూసి రాష్ట్రం, రాష్ట్రం చూసి భాష నిర్ణయిస్తోంది. లోపలి పేజీల్లో ముందు కుకీ, అది లేకపోతే హెడర్‌లో మొదటి భాష, అదీ లేకపోతే ఇంగ్లీషు. చిరునామాలోని భాషకు ఈ వరుసలో చోటే లేదు. మళ్ళింపులన్నీ 301లే. పైగా సీడీఎన్ ఆ 301లను 2 గంటలు దాచుకుంటోంది, ఎవరి హెడర్ వల్ల పుట్టిన జవాబో చూడకుండా. కన్నడం ముందున్న ఎవరో కస్టమర్ ఇంగ్లీషు లింకు తెరిస్తే పుట్టిన మళ్ళింపు, అదే సీడీఎన్ కేంద్రం మీదుగా వచ్చే హైదరాబాద్ సమీక్షకుడికి తగిలింది. ఆయన జవాబులో ఏజ్ అనే హెడర్ (జవాబు తయారై ఎన్ని సెకన్లయిందో చెప్పేది) సున్నా కాకుండా వేలల్లో ఉండడమే దానికి సాక్ష్యం: అంటే అది అప్పుడే తయారైన జవాబు కాదు, దాచిపెట్టింది.

పనిచేసినది: సమీక్షకుల వైపు

సైట్ మారే దాకా పని ఆగదు కాబట్టి ముందు మా వైపు సర్దుకున్నాం. ఒక్కొక్కరికీ క్రోమ్‌లో రెండు కొత్త ప్రొఫైళ్ళు. ఒకటి ఇంగ్లీషు, నీలం రంగు థీమ్. ఇంకోటి తెలుగు, పసుపు థీమ్. ప్రొఫైల్ ఎందుకంటే, కుకీలు, క్యాషే, లోకల్ స్టోరేజ్, భాషల జాబితా, అనువాదం సెట్టింగు ఐదూ దేనికది వేరుగా ఉండేది అందులోనే. ఫైర్‌ఫాక్స్ కంటైనర్లు కూడా చూశాం, కుకీలను వేరు చేస్తాయి కానీ భాషల జాబితా బ్రౌజర్ మొత్తానికీ ఒకటే. మన కేసుకి అది చాలదు.

ఇంగ్లీషు ప్రొఫైల్‌లో ఇంగ్లీషు తప్ప వేరే భాష ఉంచలేదు. తెలుగు ప్రొఫైల్‌లో తెలుగు పైన, ఇంగ్లీషు కింద; ఇంగ్లీషును తీసేస్తే ఇంకో 'దయా కాలం' పుడుతుంది. రెంటిలోనూ గూగుల్ ట్రాన్స్‌లేట్ స్విచ్ ఆఫ్. తర్వాత ప్రతి ప్రొఫైల్‌లో ఒకసారి సైట్ తెరిచి, సైట్ భాషల మెనూలోంచే ఆ ప్రొఫైల్ భాష ఎంచుకోమన్నాం. అలా చేస్తే కుకీ, హెడర్ ఒకే మాట చెబుతాయి. వరుసలో ఏది ముందున్నా ఫలితం మారదు. కొత్త ప్రొఫైల్ కాబట్టి పాత 301ల బెడద కూడా లేదు. పాత ప్రొఫైల్‌నే శుభ్రం చేసి వాడదామని ఒకరు అన్నారు, వద్దన్నాం. ఏం మిగిలిందో వెతకడం కన్నా ఖాళీ దానితో మొదలుపెట్టడం చౌక.

బ్రౌజర్ షార్ట్‌కట్‌లో ప్రొఫైల్-డైరెక్టరీ అనే స్విచ్‌తో ఏ ప్రొఫైల్ తెరవాలో చెప్పొచ్చు. డెస్క్‌టాప్ మీద రెండు ఐకాన్లు పెట్టుకున్నారు. ఫోన్‌లో క్రోమ్‌కి ఇలా రెండు ప్రొఫైళ్ళు పెట్టే వీలు లేదు కాబట్టి తెలుగుకి క్రోమ్, ఇంగ్లీషుకి యాప్ భాషను ఇంగ్లీషు చేసిన ఫైర్‌ఫాక్స్. స్క్రీన్‌షాట్‌లో చిరునామా పట్టీ తప్పనిసరిగా కనబడాలి అన్న నియమం కూడా అప్పుడే పెట్టాం. ఐదు నిమిషాల పని, కానీ టికెట్ల మీద వాదనలు దాదాపు ఆగిపోయింది దీనివల్లే.

సైట్ వైపు

డెవలపర్లను ఒప్పించడానికి సమీక్షకుల ఇబ్బంది చాలలేదు. "మీ ఆరుగురి కోసం నియమాలు మార్చలేం" అన్నారు, వాళ్ళ కోణంలో అది సబబే. వాళ్ళను కదిలించింది ఆ 16 వరుసల షీట్‌లో ఒకే ఒక్క వరుస: హెడర్ లేకుండా, కుకీ లేకుండా, తెలుగు లింకు అడిగితే జవాబు 301, ఇంగ్లీషుకి. గూగుల్‌బాట్ (వెతుకులాట కోసం పేజీలు చదివే గూగుల్ ప్రోగ్రామ్) సరిగ్గా అలాగే వస్తుంది. అది భాషల హెడర్ పంపదని, ఎక్కువగా అమెరికా ఐపీల నుంచి వస్తుందని గూగుల్ తన పత్రాల్లో తానే చెబుతుంది. భాష ఊహించి ఆటోమేటిక్‌గా తిప్పవద్దని కూడా చెబుతుంది. అంటే డబ్బు పెట్టి రాయించిన తెలుగు, హిందీ, తమిళ పేజీల్లో ఒక్కటి కూడా గూగుల్‌కి కనబడే దారి లేదు. సైట్ పేరుతో తెలుగులో వెతికి చూపిస్తే ఫలితాల్లో తెలుగు పేజీ లేదు. మర్నాడే సమావేశం పెట్టారు.

మేము అడిగిందీ, వాళ్ళు ఒప్పుకున్నదీ ముఖ్యంగా ఇది: చిరునామాలో భాష ఉంటే అదే చివరి మాట, కుకీ గానీ హెడర్ గానీ దాన్ని దాటకూడదు. భాష లేని చిరునామాకి మాత్రమే ఊహ. ఆ ఊహ కూడా 302 అనే తాత్కాలిక మళ్ళింపుతో, దాచుకోవద్దనే క్యాషే ఆదేశంతో. దీనికి, ఏ హెడర్‌ను బట్టి జవాబు మారుతుందో క్యాషేకి చెప్పే వేరీ హెడర్‌లో యాక్సెప్ట్-ల్యాంగ్వేజ్ పెట్టడం పుస్తకాల్లో చెప్పే జవాబు. కానీ ఆ హెడర్ విలువ మనిషి మనిషికీ మారుతుంది, సీడీఎన్ ఒకే పేజీకి వందల కాపీలు దాచాల్సి వస్తుంది. మళ్ళింపును ఒక్క చోటికి కుదించి, దాన్ని దాచకుండా వదిలేయడం సులువు.

తెలుగు హెడర్‌తో వచ్చిన మనిషి ఇంగ్లీషు పేజీలో ఉంటే పైన సన్నటి పట్టీ: "ఈ పేజీ తెలుగులో చదవండి". నొక్కితేనే వెళ్తుంది, మూసేస్తే మళ్ళీ రాదు. పట్టీ, మెనూ రెండింటిలోనూ భాష పేరు ఆ భాష లిపిలోనే. అంతకుముందు మెనూలో అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో ఉండేవి. పొరపాటున కన్నడ పేజీలో పడ్డ తెలుగు మనిషికి 'తెలుగు' అన్న మూడక్షరాలే బయటికి దారి. ప్రతి పేజీలో మిగతా భాషల పేజీలను, తనను తాను కూడా, చూపించే హెచ్‌రెఫ్‌ల్యాంగ్ ట్యాగులు పెట్టారు. ఏ భాషకూ చెందనివాళ్ళకు ఎక్స్-డిఫాల్ట్ ఇంగ్లీషుకి.

ఒక సమస్య మిగిలింది, అప్పటికే కస్టమర్ల బ్రౌజర్లలో ఇరుక్కున్న 301లు. సర్వర్ మారినా ఆ బ్రౌజర్లు సర్వర్‌ని అడగవు కదా. కానీ అవి వెళ్ళి పడే తెలుగు పేజీ మాత్రం సర్వర్ నుంచే వస్తుంది. కొన్ని వారాల పాటు ఆ పేజీల జవాబుతో క్లియర్-సైట్-డేటా హెడర్‌ను క్యాషే విలువతో పంపారు. క్రోమ్ దాన్ని చూసి ఆ సైట్ క్యాషేని తుడిచేస్తుంది, పాత మళ్ళింపుతో సహా. ఎక్కువ కాలం ఉంచితే ప్రతిసారీ బొమ్మలూ స్క్రిప్టులూ మళ్ళీ దిగుమతి అవుతాయి కాబట్టి తీసేసే తేదీ ముందే రాసుకున్నారు.

ఈ కేసు తర్వాత మా దగ్గర మారినవి

టికెట్ ఫారంలో నాలుగు గళ్ళు చేరాయి: అతికించిన లింకు, చివరికి తెరుచుకున్న చిరునామా, మొదటి వరుస స్టేటస్, బ్రౌజర్ అనువాదం ఆన్‌లో ఉందా. "తెలుగులో వస్తోంది" అనే ఫిర్యాదు ఈ నాలుగూ నింపకుండా తీసుకోవడం లేదు. మొదటి రెండూ ఒకటే అయితే మళ్ళింపు లేదు, వేరే చోట వెతకాలి. కొత్తగా చేరినవాళ్ళతో మొదటి రోజే రెండు ప్రొఫైళ్ళు చేయిస్తున్నాం.

గూగుల్ చిరునామా చివర ఎన్‌సీఆర్ అని చేర్చే చిట్కా గురించి కూడా అప్పుడప్పుడు అడుగుతారు. అది గూగుల్ వెతుకులాటను దేశం వారీ పేజీకి మళ్ళించకుండా ఉంచడానికి పుట్టింది. 2017 అక్టోబర్ నుంచి గూగుల్ డొమైన్‌ను బట్టి కాక మనం ఉన్న చోటును బట్టి ఫలితాలు చూపుతోంది. వేరే సైట్ల మీద ఆ చిట్కా ఎప్పుడూ పనిచేయలేదు, ఈ కేసులోనూ చేయలేదు.

తేలనిది ఒకటే. భాష లేని హోమ్ పేజీ ఐపీని బట్టే తిరుగుతోంది. ప్రచార విభాగం దాన్ని వదులుకోలేదు. ఐపీ చూసి రాష్ట్రం చెప్పే పట్టికలు మొబైల్ నెట్‌వర్కుల దగ్గర తరచూ తప్పుతాయని చూపించాం. టెలికాం లెక్కల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇప్పటికీ ఒకే సర్కిల్. రాష్ట్రం సరిగ్గా తెలిసినా భాష తెలిసినట్టు కాదు: బెంగళూరులో తెలుగువాళ్ళున్నారు, హైదరాబాద్‌లో ఉర్దూ, హిందీ చదివేవాళ్ళున్నారు. విన్నారు, నియమం ఉంచారు. అందుకే బెంగళూరు సమీక్షకురాలు కొత్త కంప్యూటర్‌లో డొమైన్ మాత్రమే టైప్ చేస్తే ఇప్పటికీ కన్నడ పేజీ తెరుచుకుంటుంది. ఆమె బుక్‌మార్క్ పట్టీలో డొమైన్ తర్వాత ఈఎన్, టీఈ ఉన్న లింకులు రెండు ఉంటాయి, పని వాటితోనే మొదలుపెడతారు.